సింక్ కింద వాటర్ ఫిల్టర్: డెల్టా ఇళ్లలో క్యాండిళ్లు మనమే మార్చుకునే పద్ధతి

ఫిల్టర్ బిగించినప్పుడు దాని మీద ఒక స్టిక్కర్ అంటించి వెళతారు. ఈ క్యాండిల్ (లోపల నీళ్లను వడకట్టే కడ్డీ) ఆరు నెలలకు, ఆ క్యాండిల్ ఏడాదికి అని. గోదావరి డెల్టాలో ఆ లెక్క ఒక్కటే నమ్ముకుంటే కుదరదు. ఇక్కడ ఏడాది పొడవునా ఒకే రకం నీళ్లు రావు. జూలై, ఆగస్టుల్లో కుళాయి తిప్పితే ఎర్ర నీళ్లు. దసరా దాటాక మెల్లగా తేటపడతాయి. వేసవిలో కాలువలు కట్టేశాక ఊరి మంచినీళ్ల చెరువులో నిలవ ఉన్న నీళ్లే దిక్కు. సముద్రం పక్క ఊళ్లలో బోరు మీద ఆధారపడిన ఇళ్లకైతే ఆ రోజుల్లో ఉప్పదనం ఇంకా పెరుగుతుంది. ఒకే కంపెనీ ఫిల్టర్ తణుకులో ఒకలా, అంతర్వేదిలో ఇంకోలా అరుగుతుంది. స్టిక్కర్ మీద తేదీని గుర్తు కోసం ఉంచుకోండి. ఎప్పుడు మార్చాలన్న నిర్ణయం మాత్రం మీ ఇంటికి వచ్చే నీళ్లను చూసి తీసుకోండి.

మార్చే పని పెద్ద విద్యేమీ కాదు. మొదటిసారి గంటన్నర పట్టొచ్చు, చేయి తిరిగాక అరగంట చాలు. గ్యాస్ సిలిండర్ మార్చుకోగలిగిన వాళ్లెవరైనా దీన్ని చేసుకోగలరు.

సింక్ కింద ఏమేం ఉన్నాయి

తలుపు తీసి, టార్చ్ వేసి, నీళ్లు వచ్చే దారి వెంట చూసుకుంటూ వెళ్లండి. ముందుగా కుళాయి గొట్టం నుంచి చీలిన చోట చిన్న బాల్ వాల్వ్ ఉంటుంది. అక్కణ్నుంచి సన్న పైపు ఒక పెద్ద బౌల్‌లోకి వెళుతుంది. అందులో ఉండే తెల్లటి, గట్టి దూదిలాంటి కడ్డీనే అందరూ స్పన్ అంటారు. మామూలుగా పది అంగుళాల పొడవు, 5 మైక్రాన్లది, అంటే దాదాపు అంతకంటే పెద్ద రేణువులను ఆపేది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మట్టి, ఇసుక, తుప్పు, నాచు ముక్కలు ఇక్కడ ఆగుతాయి.

తర్వాత కార్బన్ క్యాండిల్. ఇది క్లోరిన్‌ను, వాసనను పట్టేస్తుంది. కొన్ని ఫిల్టర్లలో ఇది కూడా బౌల్‌లోనే ఉంటుంది, కొన్నింటిలో రెండు వైపులా పైపు దిగేసిన మూసిన గొట్టంలా ఉంటుంది. నీళ్లలో కరిగిన ఉప్పును కూడా తీసే ఆర్వో అయితే ఒక చిన్న పంపు, దాని తర్వాత మెంబ్రేన్ (ఉప్పును ఆపే పల్చటి పొర) ఉన్న గొట్టం, దాని నుంచి మంచినీళ్లకు ఒక పైపు, వేస్ట్ నీళ్లకు ఇంకో పైపు కనిపిస్తాయి. చివర్లో రుచి కోసం మరో చిన్న కార్బన్, కొన్నింటికి క్రిములను చంపే యూవీ దీపం, కొన్నింటికి సన్న రంధ్రాల పొరతో వడకట్టే యూఎఫ్ గొట్టం. సింక్ కింద గుండ్రటి ట్యాంకు ఉంటే అది వడకట్టిన నీళ్లను గాలి ఒత్తిడితో నిలవ ఉంచే ప్రెషర్ ట్యాంకు.

ఇప్పుడే ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. ప్రతి పైపుకూ చిన్న టేపు ముక్క చుట్టి 1, 2, 3 అని మార్కర్‌తో రాయండి. సింక్ కింద చీకట్లో ఒకే రంగు పైపులు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మంచినీళ్ల పైపు, వేస్ట్ పైపు ఒకదాని బదులు ఒకటి తగిలించడం చాలా తేలికగా జరిగే పొరపాటు.

అసలు ఆర్వో కావాలా

మార్చే ముందు ఈ ప్రశ్న వేసుకోవడం మంచిది, ఎందుకంటే అన్నింటికంటే ఖరీదైనది మెంబ్రేనే. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. 2012లో సవరించిన ఆ ప్రమాణం ప్రకారం నీళ్లలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే సరిపోతుంది. వేరే నీళ్లు దొరకని చోట 2000 వరకు ఒప్పుకుంటారు. గోదావరి కాలువ నీళ్లలో ఉప్పు తక్కువ. వాటికి ఉండే జబ్బు మట్టి, క్రిములు. వాటికి స్పన్, కార్బన్, యూవీ చాలు. ఆ నీళ్లను ఆర్వోలో పోస్తే తాగే ప్రతి గ్లాసుకూ రెండు మూడు గ్లాసులు తూములోకి పోతాయి.

రాజోలు, మొగల్తూరు, కాట్రేనికోన వైపు బోరు నీళ్ల సంగతి వేరు. సముద్రం దగ్గర, చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. అలాంటి చోట టీడీఎస్ వెయ్యి దాటినా ఆశ్చర్యం లేదు. అక్కడ మెంబ్రేన్ తప్పదు. మీది ఏ రకమో ఊహించొద్దు. చేతిలో ఇమిడే టీడీఎస్ మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది. వర్షాకాలంలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి, మే చివర ఒకసారి కొలిచి క్యాలెండర్ మీద రాసిపెట్టండి. మీ ఇంటికి ఏ ఫిల్టర్ కావాలో ఆ మూడు అంకెలే చెబుతాయి.

గోదావరి క్యాలెండర్

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచి డెల్టా ఊళ్లు సాగుకే కాదు, తాగడానికీ కాలువ మీదే ఆధారపడ్డాయి. ఇప్పుడు ఆనకట్ట స్థానంలో బ్యారేజీ ఉంది, చెరువుల పక్కన ఫిల్టర్ బెడ్లు వచ్చాయి. అయినా కాలువకు నీళ్లు వదలడం, కట్టేయడం మన వంటింటి దాకా తెలుస్తూనే ఉంటుంది.

జూన్‌లో కాలువ వదిలిన కొత్తలో వచ్చే నీళ్లు అన్నిటికంటే మురికివి. వేసవంతా ఎండిన కాలువలో పేరుకున్న చెత్త, నాచు అన్నీ ముందు కొట్టుకొస్తాయి. వెనకే వరద ఎర్ర నీళ్లు. ఈ మూడు నాలుగు నెలలు స్పన్‌కు గడ్డుకాలం. ఆరు నెలలు పనిచేయాల్సిన స్పన్ మూడు వారాలకే గోధుమరంగు తిరిగి, నీళ్ల ధార సన్నబడిపోవచ్చు. జూన్ మొదట్లోనే నాలుగు స్పన్‌లు కొని ఇంట్లో పెట్టుకోండి. వరద రోజుల్లో పట్నం వెళ్లి తెచ్చుకోవడం అన్నిసార్లూ కుదరదు, ముఖ్యంగా లంకల్లో ఉండేవాళ్లకు.

ఎర్ర నీళ్లను నేరుగా ఫిల్టర్‌లోకి పంపకుండా డ్రమ్ములో పట్టి ఒక రాత్రి తేరనిస్తే స్పన్ ఆయుష్షు బాగా పెరుగుతుంది. పటిక ముక్కను నీళ్లలో కొద్దిసేపు తిప్పి వదిలేస్తే మట్టి అడుగుకు దిగుతుంది. మన పెద్దవాళ్లు బిందె లోపల చిల్లగింజ అరగదీసి ఇదే పని చేసేవారు. అది మంచి పద్ధతే. కానీ మట్టి దిగినంత మాత్రాన క్రిములు చావవు. తేరిన నీళ్లను కూడా ఫిల్టర్‌కో, పొయ్యి మీదకో పంపాల్సిందే. సింక్ ఫిల్టర్‌కు నీళ్లు మేడ మీద ట్యాంకు నుంచి వస్తుంటే ఆ ట్యాంకు అడుగున చేరిన బురదను నెలకోసారైనా తీయించండి. స్పన్ బౌల్‌కు ముందు కడుక్కోగలిగే స్టీలు జాలీ ఫిల్టర్ ఒకటి పెట్టించుకుంటే ఇంకా మంచిది.

దసరా, దీపావళి మధ్య నీళ్లు తేటపడతాయి. స్పన్, కార్బన్ రెండూ కలిపి మార్చడానికి అదే సరైన సమయం. అప్పటికి కార్బన్ కూడా వరద నీటి మడ్డితో, ఆ రోజుల్లో ఎక్కువగా కలిపే క్లోరిన్‌తో అలసిపోయి ఉంటుంది. మళ్లీ కాలువలు కట్టేశాక, ఏప్రిల్ చివర, నీళ్లకు నాచు వాసన మొదలవుతుంది. చెరువులో నీరు తగ్గి, ఎండకు పచ్చబడుతుంది. ఆ వాసన కార్బన్ దాటి గ్లాసులోకి వస్తోందంటే రెండో విడత కార్బన్ మార్చే వేళైంది. మంచినీళ్ల కుళాయి లేక ఏడాదంతా బోరే వాడే ఇళ్లకు ఈ లెక్కలో ఎర్ర నీళ్ల గొడవ ఉండదు గానీ, మెంబ్రేన్ ఖర్చు ఎక్కువ.

ఏది పోయిందో ఎలా తెలుస్తుంది

ధార సన్నబడితే ముందుగా అనుమానించాల్సింది స్పన్‌ను. కొత్త స్పన్ వేశాక కూడా సన్నగానే ఉంటే అప్పుడు పంపు, మెంబ్రేన్, ప్రెషర్ ట్యాంకు గాలి చూడాలి.

క్లోరిన్ వాసన, నాచు వాసన, మట్టి వాసన వస్తే కార్బన్. ఆర్వో ఉన్నవాళ్లు ఇక్కడ అశ్రద్ధ చేయకూడదు. ఇళ్లలో వాడే మెంబ్రేన్ పొర క్లోరిన్ తగిలితే దెబ్బతింటుంది, మళ్లీ బాగుపడదు. చవకైన కార్బన్‌ను సమయానికి మార్చకపోతే ఖరీదైన మెంబ్రేన్ పోతుంది. పంచాయతీ నీటి సిబ్బంది దగ్గర క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. నీళ్లలో చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్న నీళ్లు పసుపుపచ్చగా మారతాయి. కుళాయి నీళ్లు, కార్బన్ దాటిన నీళ్లు రెండూ పట్టుకెళ్లి అడిగితే చూసిపెడతారు. కార్బన్ దాటిన నీళ్లు రంగు మారకూడదు. పరీక్ష చేసిన నీళ్లను పారబోయాలి, తాగకూడదు.

మెంబ్రేన్ సంగతి టీడీఎస్ మీటరే చెప్పాలి. లోపలికి వెళ్లే నీళ్లు 620, మెంబ్రేన్ దాటినవి 50 అనుకోండి. తేడా 570. దాన్ని 620తో భాగించి వందతో గుణిస్తే దాదాపు 92. అంటే నూటికి 92 వంతుల లవణం ఆగుతోంది, మెంబ్రేన్ బాగుంది. అదే 620కి 150 వస్తుంటే 76 శాతమే. మార్చే రోజు దగ్గరపడింది. ఒక్కసారి కొలిచి తేల్చేయకుండా వారం తర్వాత మళ్లీ చూడండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా ఆర్వోల్లో టీడీఎస్ కంట్రోలర్ అని ఒక చిన్న మర ఉంటుంది. అది ఆర్వో కాని నీళ్లను కొంచెం మంచినీళ్లలో కలుపుతుంది. కుళాయి దగ్గర 150 వచ్చిందంటే అది మెంబ్రేన్ తప్పు కాకపోవచ్చు, ఆ మర ఎక్కువ తెరిచి ఉండొచ్చు. అందుకని మెంబ్రేన్ గొట్టం నుంచి మంచినీళ్లు వచ్చే పైపు ఊడదీసి అక్కడే కొలవాలి. సర్వీసు కుర్రాడు వచ్చి “మెంబ్రేన్ పోయిందండి, మార్చేయాలండి” అంటే “మెంబ్రేన్ దగ్గర ఎంత వస్తోంది బాబూ, ఓసారి నా ముందు పెట్టి చూపించు” అనండి. నిజంగా పోయి ఉంటే చూపించడానికి అతనికీ ఇబ్బంది ఉండదు.

ఇంకొకటి. టీడీఎస్ మీటరుకు క్రిములు కనిపించవు. మీటరు మీద 40 కనిపించినా నీళ్లలో బాక్టీరియా ఉండొచ్చు.

కొనేటప్పుడు

పాత క్యాండిల్‌ను కవర్లో పెట్టుకుని షాపుకు వెళ్లండి. పొడవు, లావు, చివర్లలో రంధ్రం, పైపు సైజు పక్కపక్కన పెట్టి చూస్తే తప్పు జరగదు. స్పన్ గట్టిగా, బరువుగా ఉండాలి. గోరుతో నొక్కితే మెత్తగా దిగిపోయేది త్వరగా నలిగిపోతుంది. మెంబ్రేన్ మీద ఉన్న అంకె, అంటే 75, 80, 100 లాంటిది, పాతదానితో సరిపోవాలి. ఆ అంకె రోజుకు ఎన్ని గ్యాలన్లు వడకడుతుందో చెబుతుంది. వేస్ట్ పైపులో ఎఫ్ఆర్ అని రాసి, వేస్ట్ నీళ్ల ధారను అదుపు చేసే సన్న గొట్టం మెంబ్రేన్‌కు జతగా ఉండాలి. ఒకటి మార్చి రెండోది వేరే సైజు పెడితే నీళ్లు వృథా పోతాయి లేదా మెంబ్రేన్ త్వరగా పూడుకుపోతుంది. సీలు విప్పిన మెంబ్రేన్ ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.

వీటితో పాటు బౌల్‌కు సరిపడే ఓ-రింగ్ (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు వలయం), ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు, టెఫ్లాన్ టేపు, బౌల్ తిప్పే ప్లాస్టిక్ స్పానర్ తెచ్చుకోండి. మిగతావి ఇంట్లోవే: బకెట్టు, పాత గుడ్డలు, గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి స్పాంజి, పాత న్యూస్ పేపరు.

మార్చే పని, వరుసగా

ఉదయం పూట, ఆ రోజుకు తాగే నీళ్లు పట్టి పెట్టుకున్నాక మొదలుపెట్టండి. షాపులు తెరిచి ఉండే రోజు అయితే ఇంకా నయం, చివర్లో ఒక వాషర్ తక్కువైనా తెచ్చుకోవచ్చు.

కరెంటు ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గే తీయాలి. తడి చేతులతో సింక్ కింద పని చేస్తున్నాం. తర్వాత బాల్ వాల్వ్ మూయండి. పిడి పైపుకు అడ్డంగా వస్తే మూసినట్టు. ప్రెషర్ ట్యాంకు ఉంటే దాని వాల్వ్ కూడా మూయండి. ఇప్పుడు ఫిల్టర్ కుళాయి తెరిచి ఉంచండి. ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోవాలి. ఎంతసేపటికీ ఆగకపోతే బాల్ వాల్వ్ పూర్తిగా పడటం లేదని అర్థం. అలాంటప్పుడు మేడ మీద ట్యాంకు వాల్వే మూసేయండి. ఉప్పు నీళ్ల ఊళ్లలో వాల్వులు ఇలా పట్టేయడం మామూలే. బౌల్ తల మీద ఎర్ర బటన్ ఉంటే ఒకసారి నొక్కండి, లోపల మిగిలిన ఒత్తిడి పోతుంది.

బౌల్ కింద బకెట్టు పెట్టండి. స్పానర్ తగిలించి, పైన తలను ఒక చేత్తో గట్టిగా పట్టుకోండి. లేకపోతే గోడకు బిగించిన మరలు ఊడిపోతాయి. ఎటు తిప్పాలన్న దగ్గర చాలామంది తికమకపడతారు, ఎందుకంటే బౌల్ తలకిందులుగా వేలాడుతోంది. స్పానర్ పిడి మీ వైపు ఉంటే దాన్ని మీ ఎడమ చేతి వైపు లాగాలి. అటే వదులవుతుంది. రాకపోతే బలం పెంచకండి. ఒత్తిడి ఇంకా లోపల ఉందేమో మళ్లీ చూడండి. సుత్తితో కొట్టడం, దీపంతో వేడి చేయడం అసలే వద్దు. ప్లాస్టిక్‌కు కంటికి కనిపించని పగులు పడితే ఏదో అర్ధరాత్రి పగిలి వంటిల్లు మొత్తం నీళ్లవుతుంది.

బౌల్ నిండా నీళ్లుంటాయి, రెండు చేతులతో దించండి. పాత స్పన్‌ను పారేసే ముందు కత్తితో అడ్డంగా కోసి లోపల చూడండి. పైన మాత్రమే గోధుమరంగు ఉండి లోపల తెల్లగా ఉంటే సరైన సమయంలో మార్చారు. లోపలి రంధ్రం దాకా రంగు దిగిందంటే మట్టి దాన్ని దాటి ముందుకు పోయింది, ఇంకోసారి ఇంకా ముందే మార్చాలి. నారింజ రంగు తుప్పు కనిపిస్తే నీళ్లలో ఇనుమో, పాత పైపుల తుప్పో ఉంది. నల్లటి జిగురు ఉంటే ఫిల్టర్ చాలా రోజులు వాడకుండా వదిలేశారేమో గుర్తు తెచ్చుకోండి.

స్పన్‌ను కడిగి మళ్లీ వేయడం మన వైపు ఉన్న అలవాటు. పై పొర తెల్లబడుతుంది నిజమే. కానీ స్పన్ పనిచేసేది లోపలి పొరల్లో. అక్కడ చేరిన మట్టి బ్రష్షుకు అందదు, అందులో పెరిగిన క్రిములూ పోవు. తాగే నీళ్ల దగ్గర ఈ పొదుపు వద్దు.

బౌల్‌ను సబ్బు, స్పాంజితో లోపల జిగురు పోయేదాకా కడగండి. స్టీలు పీచుతో రుద్దితే గీతలు పడి ఆ గీతల్లో మళ్లీ నాచు పడుతుంది. మన ఉక్కకు, తేమకు ఈ జిగురు త్వరగా పెరుగుతుంది. కొద్దిగా బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు ముంచి, తర్వాత శుభ్రమైన నీళ్లతో వాసన పోయేదాకా కడగొచ్చు. ఆ బ్లీచింగ్ నీళ్లు మెంబ్రేన్ దాకా పోకూడదు.

ఓ-రింగ్ దగ్గర తొందరపడకండి. లీకుల్లో ఎక్కువ భాగం దీనివల్లే. పాతదాన్ని వేలితో తీయండి, కత్తి మొన పెట్టొద్దు. గాడిలో ఇసుక రేణువు కూడా లేకుండా గుడ్డతో తుడవండి. రింగు చదునైపోయినా, పగిలినా, బిగుసుకుపోయినా కొత్తది వేయాలి. సిలికాన్ గ్రీజు వేలికి అంటుకున్నంత తీసుకుని చుట్టూ పల్చగా రాయండి. కొబ్బరినూనె, వాజలీన్ లాంటివి వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది లేదా మెత్తబడుతుంది.

చేతులు సబ్బుతో కడుక్కున్నాకే కొత్త క్యాండిల్ కవరు విప్పండి. కవరు మొత్తం తీశారో లేదో చూడండి. పల్చటి ప్లాస్టిక్ తీయకుండానే బిగించి, నీళ్లు రావడం లేదని కంగారుపడేవాళ్లు ఉన్నారు. బౌల్ అడుగున ఉన్న బొడిపె మీద క్యాండిల్ రంధ్రం సరిగ్గా కూర్చోవాలి. పక్కకు ఒరిగితే నీళ్లు వడకట్టకుండానే పక్క నుంచి పోతాయి. బౌల్‌ను తలకు పట్టి చేత్తో బిగించండి. చేతికి ఆగిన చోటు నుంచి స్పానర్‌తో పావు చుట్టు చాలు. ఎక్కువ బిగిస్తే రింగు నలిగి అదే లీకవుతుంది.

గొట్టం రకం కార్బన్‌కు పైపు ఊడదీయాలంటే చివరనున్న చిన్న వలయాన్ని లోపలికి నొక్కి పట్టి, పైపును నేరుగా లాగాలి. నీలం క్లిప్పు ఉంటే ముందు దాన్ని తీయాలి. కొత్తదాని మీద బాణం గుర్తు నీళ్లు వెళ్లే వైపు ఉండాలి. పైపు చివర గీతలు పడి ఉంటే పదునైన బ్లేడుతో అర అంగుళం తిన్నగా కోసేయండి, ఏటవాలుగా కోస్తే కారుతుంది. లోపలికి ఆగేదాకా నెట్టి, ఒకసారి వెనక్కి లాగి చూడండి. కదలకూడదు. బల్బులా తిప్పి బిగించే కొత్త రకాల్లో ఈ తంటా లేదు, పావు చుట్టు తిప్పితే ఊడుతుంది, పావు చుట్టుతో బిగుస్తుంది.

తర్వాతది సర్వీసుకు వచ్చే కొందరు హడావిడిలో వదిలేసే పని. కొత్త కార్బన్ నుంచి మొదట నల్లటి పొడి వస్తుంది. అది మెంబ్రేన్‌లోకి వెళ్లకూడదు. మెంబ్రేన్‌లోకి వెళ్లే పైపును అక్కడ ఊడదీసి, చివర బకెట్టులో పెట్టండి. బాల్ వాల్వ్ కొంచెం తెరవండి. పంపు నడిస్తే గానీ నీళ్లు రాకపోతే చేతులు తుడుచుకుని ప్లగ్గు పెట్టండి. తెల్ల గ్లాసులో పట్టి చూస్తే నలుపు కనిపించనంతవరకు, పది నిమిషాలైనా, పోనివ్వండి. తర్వాత మళ్లీ ప్లగ్గు తీసి, వాల్వ్ మూసి, పైపు తగిలించండి.

మెంబ్రేన్ మార్చాల్సి వస్తే

మెంబ్రేన్ గొట్టం మూత వైపు ఉన్న పైపు తీసి, మూత స్పానర్‌తో విప్పండి. లోపలి మెంబ్రేన్ బిగుసుకుని ఉంటే మధ్య కడ్డీని కటింగ్ ప్లయర్‌తో పట్టి, కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ నేరుగా లాగండి. గొట్టం అడుగు దాకా కడగండి, అడుగున పాత ఓ-రింగ్ ఊడి ఉండిపోలేదని చూసుకోండి.

కొత్తదాన్ని పట్టుకునేటప్పుడు మధ్య భాగం తాకకుండా చివర్లు పట్టుకోండి. ఒక చివర సన్న కడ్డీకి రెండు చిన్న ఓ-రింగులు ఉంటాయి. అది ముందుగా లోపలికి వెళ్లాలి. వెడల్పు రబ్బరు పెదవి ఉన్న చివర మూత వైపు ఉండాలి. ఓ-రింగులకు నీళ్లు తడిపి లోపలికి నెట్టండి. చివర్లో కొంచెం గట్టిగా నొక్కితే అడుగు రంధ్రంలో కూర్చున్నట్టు చేతికి తెలుస్తుంది. కూర్చోకపోతే ఉప్పు నీళ్లు పక్క నుంచి జారి, కొత్త మెంబ్రేన్ వేసినా టీడీఎస్ తగ్గదు.

మెంబ్రేన్ పాడవకుండా లోపల నిలవ మందు వేసి ఉంచుతారు. అందుకని మొదటి ట్యాంకు నీళ్లు మొత్తం పారబోయాలి. రెండో ట్యాంకు నీళ్లకు కూడా మందు వాసన ఉంటే అవీ పోయాలి. చివరి కార్బన్‌ను కూడా మెంబ్రేన్‌తో పాటే మార్చేయండి. దాని దాకా వచ్చే నీళ్లలో క్లోరిన్ ఉండదు కనుక పాత కార్బన్‌లో క్రిములు తేలికగా పెరుగుతాయి. ప్రెషర్ ట్యాంకు ఉన్నవాళ్లు దాన్ని పూర్తిగా ఖాళీ చేసి, సైకిల్ ట్యూబు వాల్వ్ లాంటి దాని దగ్గర గాలి చూడాలి. ఖాళీ ట్యాంకులో 5 నుంచి 7 పౌండ్లు ఉంటే సరి. తక్కువైతే సైకిల్ పంపుతో కొట్టుకోవచ్చు.

యూవీ దీపం నీలంగా వెలుగుతున్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు. వెలుగు ఉన్నా క్రిములను చంపే శక్తి వాడేకొద్దీ తగ్గుతుంది. కంపెనీ చెప్పిన గంటలు దాటితే మార్చాలి. ప్లగ్గు తీయకుండా దాని దగ్గరకు వెళ్లకండి, వెలుగుతున్నప్పుడు నేరుగా చూడకండి.

నీళ్లు వదిలాక

బాల్ వాల్వ్‌ను ఒక్కసారిగా తిప్పకుండా సగం తెరిచి, బౌల్ నిండనిచ్చి, తర్వాత పూర్తిగా తెరవండి. పొడి టిష్యూ కాగితంతో ప్రతి జాయింటునూ తుడుస్తూ వెళ్లండి. కంటికి కనిపించని తడి కాగితానికి తెలుస్తుంది. రాత్రికి కింద న్యూస్ పేపరు పరిచి పెట్టండి. ఉదయం చూస్తే చుక్క పడిందో లేదో, పడితే సరిగ్గా ఏ జాయింటు కిందో తెలిసిపోతుంది.

మొదటి రోజు నీళ్లు పాలలా కనిపిస్తే భయపడకండి. గ్లాసులో పట్టి నిలబెట్టండి. అడుగు నుంచి పైకి తేటపడితే అది గాలి. పైనుంచి తేటపడి అడుగున ఏదైనా పేరుకుంటే అది కార్బన్ పొడో, మట్టో, ఇంకాసేపు పోనివ్వాలి.

మర్నాడు టీడీఎస్ కొలిచి తేదీతో సహా బౌల్ మీదే మార్కర్‌తో రాయండి. కుటుంబంలో ఎవరు చూసినా అర్థం కావాలి. వేస్ట్ నీళ్లను డబ్బాలో పట్టి నేల కడగడానికి, బాత్‌రూమ్‌కు వాడుకోండి. ఉప్పు బోరు ఉన్న ఇళ్లలో మాత్రం ఆ నీళ్లను కరివేపాకు మొక్కకో, పెరట్లో కూరపాదులకో పోయకండి, ఆకులు అంచుల నుంచి మాడిపోతాయి.

ఊరెళ్లి వారం దాటి వస్తే బౌల్‌లో, ట్యాంకులో నిలిచిన నీళ్లను పూర్తిగా పారబోసి, ఇంకో ట్యాంకు నిండాకే తాగండి.

వరదలో ఫిల్టర్ మునిగితే

1986 ఆగస్టు వరదను, 2022 జూలై వరదను చూసినవాళ్లకు లంక ఊళ్లలో నీళ్లు వంటింట్లోకి రావడం కొత్త కాదు. సింక్ కింద ఫిల్టర్ అంటే నేలకు అడుగెత్తులోనే ఉంటుంది, ముందు మునిగేది అదే. వరద కబురు రాగానే ప్లగ్గు పీకి, బాల్ వాల్వ్ మూసి, వీలైతే పైపులు ఊడదీసి మొత్తం ఫిల్టర్‌ను అటక మీద పెట్టేయండి.

మునిగిపోతే మాత్రం స్పన్, కార్బన్, మెంబ్రేన్, చివరి కార్బన్ అన్నీ పారేయాల్సిందే, కొత్తగా వేసి పది రోజులే అయినా సరే. వరద నీళ్లలో మరుగుదొడ్ల నీళ్లు, పొలాల మందులు, చచ్చిన జంతువుల కుళ్లు కలిసి ఉంటాయి. పైపులు, ఫిట్టింగులు కూడా కొత్తవే వేయండి. బౌళ్లను సబ్బుతో, తర్వాత బ్లీచింగ్ నీళ్లతో కడగండి. పంపు, అడాప్టర్ తడిస్తే ఎలక్ట్రీషియన్ చూసేదాకా ప్లగ్గు పెట్టొద్దు. మేడ మీద ట్యాంకు, బోరు శుభ్రం చేయించి, పంచాయతీ నీళ్లు తాగొచ్చని సిబ్బంది చెప్పాకే కొత్త క్యాండిళ్లు బిగించండి. అప్పటివరకు నీళ్లను తెర్లనిచ్చి, కనీసం ఒక నిమిషం మరిగించి, మూత పెట్టి చల్లార్చి తాగండి. పసిపిల్లల పాలకు, మందులు కలపడానికి కూడా ఆ నీళ్లే వాడండి.